నమూనా ఎవరి సొత్తు?

నంద్యాలలో కోర్టుకు దగ్గరగా ఉండే డీటీపీ షాపుల్లో ఉదయం పూట కాసేపు కూర్చుంటే ఊరి బతుకంతా కాగితాల మీదికి ఎక్కుతూ కనిపిస్తుంది. అద్దె ఒప్పందాలు, పేరు మార్పు అఫిడవిట్లు, చెల్లు రసీదులు, ట్రాక్టరు అమ్మకం కాగితాలు, కౌలు రాతలు. ఆ మధ్య ఏదో పని మీద అలా కూర్చుని ఉంటే, ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన అద్దె ఒప్పందాన్ని ఒకాయన నా చేతికిచ్చి "మీరూ ఒకసారి చూడండి సార్" అన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం. సంజీవనగర్‌లో ఒక గది, దాని అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, పదకొండు నెలల గడువు, అన్నీ ఉన్నాయి. పేజీ అడుగున మాత్రం సన్నటి అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వరస. ఈ పత్రం మీద సర్వహక్కులూ ఫలానా సంస్థవి, అనుమతి లేకుండా నకలు చేయరాదు అని దాని సారాంశం. కంప్యూటరు ముందున్న పిల్లవాణ్ని ఇదేమిటని అడిగాను. "అది ఫైలుతోనే వచ్చింది సార్. ఎప్పుడూ ఉండేదే. దాన్నెవరు చదువుతారు?" అన్నాడు. ఓనరు, అద్దెకు దిగేవాడు, ఇద్దరు సాక్షులు ఆ వరస పైనే సంతకాలు చేసి వెళ్లిపోయారు.

ఆ పిల్లవాడి ప్రశ్న నన్ను వదల్లేదు. చదవకపోతే లేనట్టేనా? ఎక్కడో ఒక పట్నంలో ఒక లాయరు కూర్చుని ఆ షరతుల్ని ఒక క్రమంలో పేర్చి ఇది నాది అని రాసుకున్నాడు. ఇక్కడ ఒకడు దాన్ని దించుకుని, పేర్లు మార్చి, పేజీకింత అని తీసుకున్నాడు. అద్దెకిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ పని జరిగింది. నష్టపోయిందెవరు? ఎవరూ కాదనిపిస్తుంది. మరి ఆ వరస అక్కడ ఎందుకుంది? దొంగతనం అందామా అంటే నోరు రాదు. అందులోని మాటల్లో చాలా భాగం మా తాతల నాటి కాగితాల్లోనూ ఉన్నాయి. తప్పేమీ లేదందామా అంటే మనసు ఒప్పదు. మిగతా భాగం ఎవరో తల పట్టుకుని ఆలోచించి రాసింది. ఊరందరిదీ ఎక్కడ ముగుస్తుంది, ఒకరిది ఎక్కడ మొదలవుతుంది?

మా నాయన ఆళ్లగడ్డలో కొంత పొలం రిజిస్టరు చేయించుకున్నప్పుడు నేను చిన్నవాణ్ని. రాష్ట్రంలో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకు మారడం మొదలైంది 1998 నవంబరులో. ఇది అంతకు చాలా ముందటి మాట. రేకుల పందిట్లో చాప మీద కూర్చున్న దస్తావేజు లేఖరి ముందు అట్ట ఊడిపోయిన పొడవాటి నోటుపుస్తకం ఉండేది. మా నాయన చెప్పేది వింటూ దాంట్లో ఒక పేజీ తీసి, ఇక కలం ఆపకుండా రాసుకుపోయేవాడు. పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన విక్రయాది సర్వ హక్కులతో, నా రాజీఖుషీతో, ఎవరి బలవంతమూ లేకుండా అంటూ సంస్కృతం, పారసీకం, తెలుగు ఒకే ఊపిరిలో వచ్చేవి. ఆ మాటలకు కర్త ఎవరు? ఏ నవాబు కచేరీలోని మున్షీనో, ఏ కుంఫిణీ కాలపు గుమాస్తానో, ఏ గ్రామ కరణమో తలా ఒకటి వేసి ఉంటారు. చెక్కుబందీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పుస్తకం మూసేసేవాడు. తూర్పున పిల్లకాలువ, పడమట బండ్ల దారి, దక్షిణాన ఎవరి గట్టు, ఉత్తరాన బావిలో ఎన్నో వంతు, ఇవన్నీ మా నాయన్ని గుచ్చి గుచ్చి అడిగి రాసుకునేవాడు.

ఆ నోటుపుస్తకాన్ని ఆయన పక్క లేఖరికి కూడా తాకనిచ్చేవాడు కాదని తర్వాత విన్నాను. అదేం పిసినారితనమని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన దాచుకున్నది మాటల్ని కాదనిపిస్తోంది. మాటలు దాచుకోవడానికి వీలే లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన ప్రతి విక్రయ దస్తావేజూ సర్కారు వారి ఒకటో నంబరు పుస్తకంలో నకలుగా ఎక్కుతుంది. ఫీజు కట్టి ఆ పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. అంటే ఆయన రాసిన ప్రతి వాక్యమూ ఆ పక్క ఆఫీసులోనే అందరికీ తెరిచి ఉంది. మరి ఆయన దాచింది ఏమిటి? మైనరు వాటా ఉంటే ఏ షరతు చేర్చాలి, అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో లేకపోతే ఎవరి సంతకం ముందు తీసుకోవాలి, బావిలో భాగం రాయకపోతే పదేళ్లకు ఏ తగాదా వస్తుంది అని అంచుల్లో రాసుకున్న గుర్తుల్ని. అవి ఏ దస్తావేజు నకలులోనూ దొరకవు. ఒక మనిషి ఎండల్లో, తగాదాల్లో, కోర్టు మెట్ల మీద సంపాదించుకున్నవి. నాకు గీత మొదటిసారి కనిపించింది అక్కడ.

చట్టపు పత్రం పుట్టిందే నకలు కావడానికి. తామ్ర శాసనాలు చదివినవారికి ఇది కొత్త కాదు. దానమిచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పడి ఉంటాడనే శాపం దేశమంతటా, వందల ఏళ్ల పాటు, రాజుల వంశాలు మారినా మారకుండా శాసనాల చివర కనిపిస్తుంది. దాన్ని చెక్కించినవాళ్లు చాలా చోట్ల ఇది వ్యాసుడు చెప్పిన మాట అని కూడా చెక్కించారు. నకలు చేసుకున్నారు, పేరు చెప్పుకున్నారు. గుజరాత్‌లో మధ్యయుగాల నాటి 'లేఖపద్ధతి' అనే సంస్కృత సంకలనంలో అమ్మకానికి, తాకట్టుకు, అప్పుకు నమూనా పత్రాలున్నాయి; పేరు ఉండాల్సిన చోట 'అముక' అని ఉంటుంది, మనం ఫలానా అన్నట్టు. ఏడో శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో మార్కుల్ఫ్ అనే సన్యాసి డెబ్బయ్యేళ్లు పైబడిన వయసులో ఇలాంటి నమూనాల పుస్తకమే కట్టాడు, రాత నేర్చుకునే కుర్రవాళ్లకు పనికొస్తుందని. ఈ మనుషులు తమ రాతను ఎవరూ తాకకూడదని కోరుకున్నారని నేననుకోను. రాసిందే ఎవరో ఒకరు వాడుకోవాలని. అయితే ఇవాళ్టి నమూనా మీద మాత్రం తాళం ఎందుకు పడింది?

అచ్చు వచ్చాక, రాతతో బతికేవాళ్లు వచ్చాక పడింది. అది అన్యాయమైన తాళమని నేననను. మన 1957 కాపీరైటు చట్టం స్వతంత్రమైన సాహిత్య రచనకు రక్షణ ఇస్తుంది. ఆ చట్టం దృష్టిలో సాహిత్యమంటే కథా కవితా మాత్రమే కాదు, ఒప్పంద పత్రం కూడా అందులోకి రావచ్చు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్లు. అయితే రక్షణ ఆలోచనకు కాదు, దాన్ని చెప్పిన తీరుకు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే స్థిరం చేసింది. 'హమ్ హిందుస్తానీ' అనే తన నాటకాన్ని 1956 నాటి 'న్యూ ఢిల్లీ' సినిమాకు వాడుకున్నారని ఆయన దావా వేస్తే, ప్రాంతీయ దురభిమానమనే ఇతివృత్తం ఎవరి సొంతమూ కాదని తేల్చింది. అద్దె పదకొండు నెలలకే రాసుకోవాలన్న ఆలోచన కూడా అంతే. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి దేశమంతా ఆ అంకె రాసుకుంటోంది. దాని మీద ఎవరికి హక్కుంటుంది? ఇంకా వెనక్కి పోతే 1879లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు చార్లెస్ సెల్డెన్ పద్దుల పుస్తకం వచ్చింది. లెక్కలు రాసే పద్ధతిని వివరించిన పుస్తకం మీద అతనికి హక్కు ఉంటుంది గానీ, ఆ పద్ధతికి కావలసిన గీతలు గీసిన ఖాళీ ఫారాల మీద ఉండదని తీర్పు. ఆ ఖాళీ గీతలు లేకపోతే ఆ పద్ధతినే ఎవరూ వాడుకోలేరు కదా.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం 2007 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. లక్నోలోని ఈస్టర్న్ బుక్ కంపెనీ సుప్రీంకోర్టు తీర్పుల్ని సంపుటాలుగా అచ్చువేస్తుంది. వాటిని వేరేవాళ్లు సీడీల్లోకి ఎక్కించి అమ్మితే, డి.బి. మోదక్ తదితరుల మీద దావా నడిచింది. జడ్జిలు రాసిన తీర్పు అందరిదీ అని కోర్టు అంది. కామాలు సరిచేసినంత మాత్రాన, డబ్బూ చెమటా ధారపోసినంత మాత్రాన హక్కు పుట్టదని కూడా అంది. అయితే పొడవాటి తీర్పును అర్థం చేసుకుని పేరాలుగా విడగొట్టి అంకెలు వేయడంలో, ఏ జడ్జి ఎవరితో ఏకీభవించాడో గుర్తించి రాయడంలో నైపుణ్యం, వివేచన, రవ్వంత సృజన ఉన్నాయని, వాటికి రక్షణ ఉందని చెప్పింది. మా ఆళ్లగడ్డ లేఖరి అంచు గుర్తులు నాకు వెంటనే గుర్తుకొచ్చాయి. ఢిల్లీలో పెద్ద కోర్టు గీసిన గీత, రేకుల పందిట్లో ఆ మనిషి తనంతట తాను గీసుకున్న గీత ఒకచోటే పడ్డాయి.

ఆళ్లగడ్డ అంటే చాలామందికి మొదట గుర్తొచ్చేది శిల్పులు. ఆ పట్నం రోడ్ల మీద నడిస్తే ఉలి చప్పుడు వినపడని చోటు తక్కువ. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని నవతాళమా, దశతాళమా అని లెక్క కట్టే కొలతలు శిల్పశాస్త్రానివి. ఏ ఇంటివాళ్లవీ కావు. వేంకటేశ్వరుడి చేయి ఎక్కడుండాలో, నరసింహుడి జూలు ఎలా దిగాలో అందరికీ ఒకటే. అయినా రెండు కార్ఖానాల్లో చెక్కిన విగ్రహాలను పక్కపక్కన పెడితే తెలిసినవాళ్లు ఇది ఫలానావారి చేయి అంటారు. కొలత ఉమ్మడిది, చేయి ఒకరిది. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఊరి పేరు పెట్టుకునే హక్కు ఒకరిది కాదు, అక్కడి శిల్పులందరిదీ. ఉమ్మడి హక్కు, సొంత హక్కు ఒకే రాతిలో ఇమిడిపోవడం నిత్యం చూస్తున్న ఊరికి నమూనా పత్రం విషయం అర్థం కాకపోవడానికి కారణం లేదు.

ఇక ఆ కొలత ప్రకారం చూస్తే చాలా చోట్ల భయపడాల్సిన పనే లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ చివర దావాల నమూనాలున్నాయి. సరిపడే చోట వాటినే వాడాలని కోడే చెబుతుంది. ప్రామిసరీ నోటులో అడిగినప్పుడు చెల్లిస్తానన్న మాటను ఇంకెన్ని రకాలుగా రాయగలం? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద భూమి యజమానికీ కౌలు రైతుకూ మధ్య పదకొండు నెలల ఒప్పంద పత్రం ఎలా ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. నంద్యాల జిల్లాలో కౌలుకు చేసే ప్రతి మనిషికీ అది అందాలి; ఎంత మంది నకలు తీసుకుంటే అంత మేలు. రిజిస్ట్రేషన్ల శాఖ దస్తావేజుల నమూనాలను వెబ్‌సైటులో పెట్టింది కూడా జనం వాడుకోవడానికే. కోర్టు వ్యవహారం కోసం ఏ రచననైనా నకలు చేసుకోవడానికి 52వ సెక్షన్‌లోనే వెసులుబాటు ఉంది.

మరో పక్కన ఏముంది? డిసౌజా కన్వేయన్సింగ్ పుస్తకం లాంటివి తరాలుగా వకీళ్ల బీరువాల్లో ఉన్నాయి. పుస్తకం కొని, అందులోని నమూనాను తన కక్షిదారుకు తగ్గట్టు మలచుకోవడం ఆ పుస్తకం కోరుకున్న వాడకమే. అదే పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మడం వేరు. వందల డ్రాఫ్టులు ఒకేసారి ఇస్తామంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్లలో ఇలాంటివి చూస్తూనే ఉన్నాం. రాసినవాడి పేరు చెరిపేసి తన షాపు పేరు వేసుకున్న ఫైళ్లూ ఉన్నాయి. 63వ సెక్షన్ కింద తెలిసి చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, బెయిలు హక్కుగా రాని నేరం అని 2022లో నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అద్దె ఒప్పందం టైపు చేసిన పిల్లవాణ్ని ఈ సెక్షన్ చూపి బెదిరించడం నాకు అన్యాయంగా తోస్తుంది. సంకలనాన్ని మొత్తం దోచి అమ్ముకునేవాడి దగ్గర మాత్రం నాకే సందేహమూ లేదు.

సందేహం మిగిలే చోటు ఒకటుంది. నంద్యాల చుట్టుపక్కల విత్తనాల సాగు ఎక్కువ. కొందరు రైతులు కంపెనీలతో చేసుకునే ఒప్పందాలు ఇంగ్లీషులో ఉంటాయి. పేజీకొక సంతకం, చదవలేని షరతులు. అనువాదం చేసే హక్కు కూడా రచయితదే అని చట్టం చెబుతుంది. అలాంటి పత్రాన్ని చదువుకున్న కొడుకు తండ్రి కోసం తెలుగులో రాసి పెడితే? అది స్వంత వాడకం, దానికి చట్టంలో చోటుంది. అదే తెలుగు ప్రతిని ఊళ్లో పాతికమంది రైతులకు జిరాక్స్ తీసి పంచితే? ఇక్కడ గీత కాస్త మసకబారుతుంది. నా మనసు మాత్రం రైతు వైపే మొగ్గుతుంది. తాను సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుసుకోవడం కన్నా ముందు వచ్చే హక్కు ఏ కంపెనీకీ లేదని నా నమ్మకం. న్యాయంగా అయితే ఆ తెలుగు ప్రతిని కంపెనీవాళ్లే ముందు ఇచ్చి ఉండాలి.

హక్కు ఉన్నా వదులుకునేవాళ్లు కూడా ఉన్నారు. క్రియేటివ్ కామన్స్ అనుమతులు 2002 నుంచి ఉన్నాయి. పేరు చెప్పి వాడుకోమనేవి కొన్ని, వ్యాపారానికి వద్దనేవి కొన్ని. ఒక నమూనాను ఉచితంగా చూడగలిగినంత మాత్రాన అమ్ముకోవచ్చని కాదు, ఆ అనుమతి ఏమంటుందో చదవాలి. అమెరికాలో వై కాంబినేటర్ అనే సంస్థ 2013లో కొత్త కంపెనీలు పెట్టుబడి తీసుకోవడానికి 'సేఫ్' అనే పత్రాన్ని తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఖాళీలు నింపడం తప్ప ఈ నమూనాను మేమిద్దరం మార్చలేదు అనే మాట ఆ పత్రంలోనే ఉంటుంది. అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. వాళ్లు కాపాడుకుంటున్నది డబ్బును కాదు, నమ్మకాన్ని. ఆ పేరు చూసినవాడు లోపల ఏముందో మళ్లీ చదవక్కర్లేదన్న ధీమాను. మార్చుకుంటే మార్చుకో, మార్చావని చెప్పు. మన నమూనాలకు లేనిది సరిగ్గా ఇదే. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఏ షరతు ఎవరు తీసేశారో ఏ ఆనవాలూ ఉండదు.

ఆ రోజు నా చేతికొచ్చిన అద్దె ఒప్పందంలోనే చివరి షరతుల్లో ఒకటి, తగాదా వస్తే బెంగళూరు కోర్టులకే విచారణాధికారం అని ఉంది. గది నంద్యాలలో, మనుషులిద్దరూ నంద్యాలవాళ్లు. చెప్పాక ఆ పిల్లవాడు మార్చి మళ్లీ ప్రింటు తీశాడు, అడుగు వరస మాత్రం అలాగే వచ్చింది. కాపీరైటు గురించి నేను పడ్డ తపనంతా నాకు అక్కడే అర్థమైంది. ఇది నాది అన్న వరసను చూడని కన్ను బెంగళూరును కూడా చూడలేదు. రాసినవాడు ఒకడున్నాడని గుర్తించినవాడు, అతను ఎవరి కోసం, ఏ ఊరి చట్టం కోసం రాశాడో కూడా అడుగుతాడు. ఎవరూ రాయని కాగితంలా, గాలిలోంచి ఊడిపడ్డ కాగితంలా చూసినప్పుడే పరాయి ఊరి కోర్టులు, పరాయి రాష్ట్రం చట్టాలు మన సంతకాల పైన వచ్చి కూర్చుంటాయి. రాసినవాడి హక్కును కాపాడటం, సంతకం చేసేవాడి మేలును కాపాడటం రెండూ ఒకే చదువుతో అయ్యే పనులు.

అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ వకీళ్లకూ దస్తావేజు లేఖరులకూ నాదొక విన్నపం. మీ బీరువాల్లో, మీ నోటుపుస్తకాల్లో ఈ నేలకు సరిపడే తెలుగు నమూనాలున్నాయి. బావి వాటా, మోటారు వంతు, బండ్ల దారి, కౌలు గింజలు తెలిసినవాళ్లు రాసినవి. మీకు తోచినన్ని బయట పెట్టండి. అడుగున మీ పేరు, రాసిన సంవత్సరం, ఎవరు ఎలా వాడుకోవచ్చో తెలుగులో ఒక వాక్యం రాయండి. అమ్ముకోవద్దంటే వద్దనే రాయండి. బార్ అసోసియేషన్లు ఆ పని నెత్తికెత్తుకుంటే ఇంకా మంచిది. డీటీపీ షాపుల్లో పనిచేసే తమ్ముళ్లూ, ఆ ఫైలు తెరిచినప్పుడు అడుగు వరసతో మొదలుపెట్టి పైదాకా ఒకసారి చదవండి. అనుమతి లేదని ఉంటే ఆ ఫైలు పక్కన పెట్టండి. మన రిజిస్ట్రేషన్ల శాఖ నమూనా ఉంది, మన ఊరి వకీలు ఉన్నాడు, అడిగి తీసుకోండి.